పిడుగు మేస్త్రికి భయం వేసిన రోజు

స్కూలు బస్సులు బాగుచేసే ఆ షెడ్డులో హెడ్ మెకానిక్‌ని అందరూ పిడుగు మేస్త్రి అంటారు, ఆయన వినకుండా. మనిషి చూస్తే పొట్టి, బక్కపలచన. గొంతు మాత్రం పైకప్పు రేకులు లేచిపోయేంత. స్పానరు కింద పడితే అరుపు, ఒకటి బదులు ఇంకో బోల్టు తెస్తే అరుపు, ఏమీ జరగకపోతే ఎందుకింత నిశ్శబ్దంగా ఉన్నారని అరుపు. "నా షెడ్డులో తప్పు అనేది జరగదు" అని చుట్టాల దగ్గర కూడా మీసం మెలేసేవాడు. జరిగిన తప్పు ఆయన చెవిదాకా రాదన్న సంగతి ఆ షెడ్డులో ఆయనొక్కడికే తెలియదు.

అల్లుడు కూడా ఆయన కిందే పనిచేస్తాడు. "నాన్నా, ఇంట్లో కూడా నీ అడుగుల చప్పుడు వినిపిస్తే ఆయనకి ముద్ద దిగడం లేదు" అని కూతురు ఒకసారి అంది. "భయం ఉంటేనే చెయ్యి తిన్నగా నడుస్తుందమ్మా" అన్నాడు మేస్త్రి, అదేదో గొప్ప మాటైనట్టు.

సెలవులయ్యాక స్కూలు తెరిచిన రోజు పొద్దున్నే బస్సులన్నీ వెళ్ళిపోయాయి. ఖాళీ షెడ్డులో ఒక గ్రీజు మరక పక్కన ఏదో మెరిస్తే మేస్త్రి వంగి తీశాడు. వేలెడంత ఇనప పిన్ను. చక్రాలను తిప్పే స్టీరింగు రాడ్డు చివర ఒక నట్టు ఉంటుంది. అది ఊడిపోకుండా ఈ పిన్ను దూర్చి, రెండు కొసలూ వెనక్కి వంచుతారు. చేతిలో ఉన్నది కొత్త పిన్ను. కొసలు వంగలేదు. అంటే ఏదో ఒక బస్సుకి పిన్ను పెట్టకుండానే పంపించేశారు.

సెలవుల్లో అన్ని బస్సుల రాడ్డులూ విప్పి బిగించారు. ఆఖరి రోజు హడావుడిలో ఎవరు ఏ బస్సు కింద దూరారో ఎవరికీ తెలియదు. కుదుపులకి ఆ నట్టు కొంచెం కొంచెంగా వదులవుతుంది. ఊడిందంటే డ్రైవరు చేతిలో స్టీరింగు తిరుగుతుంది గానీ చక్రం తిరగదు. బస్సు నిండా పిల్లలు.

గదిలోకి పరిగెత్తి ఒక డ్రైవరుకి ఫోను చేశాడు. మోత ఆయన బల్ల సొరుగులోంచే వచ్చింది. ఇంకొకరికి చేస్తే అదీ అక్కడే మోగింది. బండెక్కే ముందు ఫోన్లు సొరుగులో పెట్టి పోవాలని, మరిచినవాడి ఉద్యోగం ఊడుతుందని రూలు పెట్టింది ఆయనే. ఒక్కరూ మరిచిపోలేదు.

బయటికొచ్చి పిన్ను పైకెత్తాడు. "ఎవడ్రా ఇది వదిలేసింది?"

అందరూ తలలు దించుకున్నారు. అల్లుడు తుడిచిన స్పానరునే మళ్ళీ తుడుస్తున్నాడు. మేస్త్రి ఒక్కొక్కరి ముఖమే చూశాడు. వీళ్ళలో ఎవరికో తెలుసు. తెలిసీ నోరు విప్పడం లేదు. పిల్లలకేమవుతుందోనన్న భయం కన్నా తనంటే భయమే ఎక్కువైపోయింది వీళ్ళకి. ఆ సంగతి తట్టేసరికి ఆయన పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. గొంతుదాకా వచ్చిన ఇంకో అరుపుని మింగేశాడు.

"నాకు భయంగా ఉందిరా," అన్నాడు. ఆ గొంతులోంచి అంత చిన్న మాట రావడం వాళ్ళెప్పుడూ వినలేదు. "ఎవర్నీ తిట్టను. ఎవరి పనీ పోదు. ఏ బస్సో తెలియాలి, అంతే. అనుమానం ఉన్నా సరే, చెప్పండి. మీకు దణ్ణం పెడతాను."

"మామయ్యా..." అల్లుడు నీళ్ళు నమిలాడు. "స్టేషను వైపు వెళ్ళే బస్సు. నట్టు బిగించి పిన్ను తీసుకున్నాను. ఈలోగా గ్రీజు డబ్బాకి మూత పెట్టలేదని మీరు కేకేశారు. తిరిగొచ్చాక పెట్టానో లేదో గుర్తు లేదు. రాత్రి భోజనాల దగ్గర చెబుదామనే కూర్చున్నాను. ధైర్యం చాల్లేదు."

"నాదీ అనుమానమే మేస్త్రీ," అన్నాడు వెల్డరు. "మిల్లు రోడ్డు బస్సు. నేనూ మళ్ళీ చూసుకోలేదు."

మూలనున్న ముసలి మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "పిన్ను పెట్టగానే నట్టు మీద తెల్లరంగు చుక్క పెట్టేస్తే, వంగి చూసినవాడికెవడికైనా తెలిసిపోతుంది. ఎన్నాళ్ళ నుంచో చెబుదామనుకుంటున్నా." ఎందుకు చెప్పలేదని మేస్త్రి అడగలేదు.

వెల్డరు తన బండి తీసుకుని మిల్లు రోడ్డుకి పరిగెత్తాడు. అల్లుడు మోటారుసైకిలు తీశాడు, మేస్త్రి వెనక ఎక్కాడు. దారి పొడుగునా ప్రతి మలుపులోనూ బస్సు బోర్లా పడి ఉంటుందేమోనని ఆయన మెడ చాచి చూశాడు. కాలవ గట్టు రోడ్డెక్కాక బస్సు కనబడింది. మేస్త్రి చెయ్యి ఊపాడు, ఆపమని గొంతు చించుకున్నాడు. అద్దంలో డ్రైవరు కళ్ళు ఒక్కసారి ఇటు చూశాయి.

బస్సు వేగం పెరిగింది.

"మామయ్యా, ఇవాళ ఆలస్యంగా బయల్దేరాడు. తిట్టడానికొస్తున్నారనుకుంటున్నాడు!"

"ఆపు. నన్ను దింపు," అన్నాడు మేస్త్రి. "నేను కనబడకూడదు. నువ్వెళ్ళు. నవ్వుతూ వెళ్ళు నాయనా."

రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ చాటుకి వెళ్ళి, దొంగలా నక్కి నిలబడ్డాడు. మోటారుసైకిలు, బస్సు రెండూ మలుపు తిరిగిపోయాయి. ఇక వినడం తప్ప చేసేదేమీ లేదు. ఇంత భయం ఆయన జీవితంలో ఎరగడు. జేబులో ఫోను మోగితే ఎగిరిపడ్డాడు. వెల్డరు. మిల్లు రోడ్డు బస్సు పిన్ను చోటులోనే ఉందట. అయితే ఇదే. పరుగందుకున్నాడు.

మలుపు అవతల బస్సు రోడ్డు వారగా ఆగి ఉంది. కిటికీల్లో పిల్లల తలలు. అల్లుడు బస్సు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి నల్లటి చెయ్యి చాపాడు. అరచేతిలో నట్టు. "స్పానరు అక్కర్లేకపోయింది మామయ్యా, ముట్టుకుంటే వచ్చేసింది."

మేస్త్రిని చూడగానే డ్రైవరు గబగబా దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తను వెంట్రుకవాసిలో చావు తప్పించుకున్నాడని అతని బుర్రకి ఇంకా ఎక్కలేదు.

"క్షమించండి మేస్త్రి గారూ," అన్నాడు. "కాస్తే ఆలస్యమైంది. మలుపు దగ్గర ఇంకా స్పీడు పెంచి టైముని అందుకునేవాణ్ణే."