నాగలి తేలికైన పొద్దు

ఇవాళ చిల్లకూరులో ఇనప సామాన్ల కొట్టు ముందు సైకిల్ చక్రం బిగించిన చేతి నాగళ్లు వరసగా పెట్టి ఉంటే ఆగినాను. "చాలా తేలికక్కా, ఆడవాళ్లే తోసుకుంటున్నారు" అన్నాడు కొట్టాయన. పిడి పట్టుకుని చూసి, మళ్లీ వదిలేసినాను.

సముద్రం పక్క ఇసక చేలల్లో, ఎద్దుల్లేని ఇళ్లవాళ్లు ఎట్లా దున్నుకునేవాళ్లో మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటది. మా ఎద్దు చచ్చిపోయిన ఏడు, శెనక్కాయల చేలో చిన్న నాగలికి తాడు కట్టి అమ్మే లాగింది. తాడు కోసుకోకుండా భుజం మీద పాత చీర మడత. ఆ చీరకు చెమటా తడి ఇసకా కలిసిన వాసన. వెనక నాగలి పిడి, మేడి, పట్టేది మా నాయన. ఆయనకేమో ఆయాసం.

"నువ్వు కూర్చో. మా తమ్ముణ్ణి పిలిపిస్తా, వాడు లాగుతాడు, మేడి నేను పడతా" అనింది అమ్మ. మా అవ్వ ఒప్పుకోలేదు. "ఆడది మేడి పడితే వానలు పడవు" అనింది. ఎద్దులాగా లాగితే మాత్రం ఏ వానా ఆగదంట!

ఒక పొద్దు దున్నే చాలు మధ్యలో నాగలి ఉన్నట్టుండి తేలికైంది. నాయన జాలిపడి పైకెత్తి పట్టుకున్నాడనుకుని, అమ్మ తిరిగి చూడకుండా గట్టు దాకా లాక్కుంటా పోయింది. తిరిగి చూస్తే నాగలి ఒక్కటే వెనక వచ్చింది. నాయన చాల్లో బోర్లా పడి ఉన్నాడు. అప్పటికే ప్రాణం పోయింది.

అమ్మ బతికినన్నాళ్లూ ఒకటే మాట. "తేలిగ్గా ఉందని సంతోషపడినానే పాపా."