నీళ్లు మానిన మనిషికి కాపలా

ఆ వేసవికి ఆదోనిలో బావులన్నీ అడుగంటాయి. బిందెడు నీళ్ల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటున్న రోజుల్లో, పక్కింటి సేఠానమ్మ తనంతట తానే నీళ్లు మానేస్తానంది. నాకు ఒళ్లు మండింది. ఎమ్మిగనూరు నుంచి కాపురానికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. గొంతు తడవడమే గగనమైన చోట ఇదేం భక్తి అనుకున్నాను.

సేఠానమ్మ వాళ్లు మార్వాడీ జైనులు. తాతల నాటి నుంచి ఆదోనిలో పత్తి వ్యాపారం. మా మామగారిదీ పత్తే. మగవాళ్లు ఒకరినొకరు ఓర్చుకునేవాళ్లు కారు గానీ, ఆమెకూ మా అత్తకూ పిట్టగోడ మీదుగా చాలాకాలపు స్నేహం. స్నేహమంటే రోజూ వాదులాటే. అత్త శనివారం వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టి వస్తే, ఏం కోరుకున్నావని ఆరా తీసేది సేఠానమ్మ.

"మీ దేవుణ్ణి నువ్వేం అడుగుతావో అది చెప్పు ముందు" అనేది అత్త.

"మా దేవుణ్ణి అడిగేదేం లేదక్కా. ఆయన ఏమీ ఇయ్యడు. ఎట్ల బతకాలో చూపిచ్చి పోయినాడు, అంతే."

"ఏమీ ఇయ్యనోడు ఎందుకే నీకు?" అని అత్త పగలబడి నవ్వేది.

మా ఇంట్లో శనక్కాయలు ఒలవడానికి ఒక క్రైస్తవురాలు వచ్చేది, మా ఎమ్మిగనూరు పక్క పల్లె మనిషే. చేతులు ఆడిస్తూనే మాట కలిపేది. "మా యేసయ్య మా పాపాలన్నీ ఆయనే మోసినాడమ్మా."

సేఠానమ్మ తల అడ్డంగా ఊపేది. "ఒకరి మూట ఇంకొకరు మోసేది కుదరదు. ఎవురిది వాళ్లే మోయాల." ఎంత కఠినమైన మతం అనిపించేది నాకు. ఇప్పటికీ అనిపిస్తుంది.

మనిషి మాత్రం కఠినురాలు కాదు. ఊరవతలి తోటబావుల నుంచి బండి మీద పీపాలో నీళ్లు తెచ్చే సాయిబు దగ్గర బిందె నింపించుకుని, దళసరి గుడ్డతో వడపోసేది. తర్వాత ఆ గుడ్డను తిరగేసి జాగ్రత్తగా కడిగి, ఆ కడుగునీళ్లు చిన్న ముంతలో పోసి మళ్లీ సాయిబు చేతికే ఇచ్చేది. "ఏ బావి నీళ్లో ఆ బావిలోనే పొయ్యి నాయనా. ఈడ పారబోస్తే అందులో పురుగులు సచ్చిపోతాయి." అది రంజాన్ నెల. గుక్కెడు నీళ్లు తాగకుండా ఎండలో ఊరికంతా నీళ్లు మోసే మనిషి, విసుక్కోకుండా ఆ ముంత బండిలో పెట్టుకుని పోయేవాడు. బావిలోనే పోసేవాడని నా నమ్మకం.

ఆమెకు కడుపులో గడ్డ లేచింది. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాడు. అన్నం మానింది, తర్వాత పాలు మానింది. తెల్లబట్టల జైన సన్యాసినులు వచ్చి, కొడుకు చేత సరేననిపించి, సంథారా వ్రతం ఇచ్చారు. చావు దగ్గరపడిందని తెలిశాక అన్నపానాలు ఒక్కొక్కటే విడిచి, దేనిమీదా ఆశ లేకుండా ఒళ్లు వదలడం అట.

"ఉరేసుకునేదానికీ దీనికీ తేడా ఏముందే?" అని అత్త ఆమె మంచం పక్కనే కోప్పడింది.

"ఉరేసుకునేటోళ్లకు ఎవురిమీదనో కోపముంటాదక్కా. నాకు ఎవురిమీదా లేదు."

కాయలొలిచే ఆమెకూ ఇది నచ్చలేదు. "పానం ఇచ్చినోడే తీసుకోవాల, మనం తోసెయ్యగూడదు. మా యేసయ్యంతటోడు కూడా సిలువ మీద దప్పి అన్నాడు. అందులో సిగ్గేముంది?" అంది. సాయిబు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "మా రోజా ఉపాసానికి పొద్దుగూకితే నీళ్లుంటాయమ్మా" అని మాత్రం అని ఎద్దును అదిలించాడు.

నీళ్లు మానే ముందు సేఠానమ్మ అత్తను దగ్గరికి పిలిచింది. "నాకు తెలివి తప్పినంక మావోళ్లు ఉండబట్టలేరు. కొడుకు ఏడుస్తాడు, కోడలు గ్లాసు తెస్తాది. నోట్లో సుక్క పడితే నా వ్రతం పోతాది. నువ్వు గట్టిదానివి. నువ్వు కాపలా కూచో అక్కా." అత్త ఆమె చేతిలో చెయ్యి వేసింది.

కూర్చుంది కూడా. కోడలు గ్లాసుతో గుమ్మం దాకా వస్తే కళ్లతోనే వెనక్కి పంపింది. హాల్లో ఆడవాళ్లు ఆపకుండా మంత్రం చదువుతుండేవాళ్లు. సేఠానమ్మ పెదాలు ఎండి పగిలాయి. చూడలేక నేను కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని. అత్త మడి మనిషి, పరాయి ఇంట్లో నీళ్లు ముట్టదు. తులసాకు, ఉద్ధరిణె వేసిన చిన్న వెండి చెంబు ఇంటి నుంచే తెచ్చుకునేది.

ఒక మధ్యాహ్నం సేఠానమ్మ ఊపిరి మారింది. గొంతులో గురక మొదలైంది. ఆ చప్పుడు అత్తకు తెలుసు. తన తల్లికీ, తన అత్తకూ ఆ చప్పుడు వినగానే తులసి తీర్థం పోసిన చెయ్యి అది. మా ఇళ్లలో ఆ చుక్క పడకుండా పోయిన ప్రాణాన్ని దిక్కులేని ప్రాణం అంటారు. అత్త ఏమీ ఆలోచించినట్టు లేదు. "నారాయణా" అంటూ ఉద్ధరిణె ముంచి ఆమె నోట్లో పోసేసింది. సేఠానమ్మ గొంతు కదలడం నేను చూశాను. అత్త ఉద్ధరిణె చెంబులో వేసి, "కొడుకును పిల్సుకురాపో" అని నన్ను తరిమింది. మేము వచ్చేసరికి ప్రాణం పోయింది. అత్త కొంగుతో ఆమె గడ్డం తుడుస్తోంది.

వ్రతం నెరవేరిన మనిషని ఆమెను పల్లకీలో కూర్చోబెట్టి బ్యాండు మేళంతో ఊరేగించారు. ఆలూరు నుంచీ హాలహర్వి నుంచీ కూడా జనం చూడటానికి వచ్చారు. కొడుకు అందరి ముందూ మా అత్త కాళ్లకు మొక్కాడు. "నువ్వు కాపలా ఉండబట్టే మా అమ్మ వ్రతం నిలిచింది పెద్దమ్మా" అన్నాడు. అత్త కాళ్లు వెనక్కి లాక్కుంది.

తర్వాత అత్త పిట్టగోడ వైపు పోవడం మానేసింది. తిండి తగ్గిపోయింది. ఎన్నాళ్లని చూస్తాను? ఒకరోజు కాయలొలిచే ఆమె వెళ్లిపోయాక నేనే కదిపాను. "ఒక్క ఉద్ధరిణెడు నీళ్లత్తా. ప్రేమతో పోస్తివి. ఏ దేవుడు తప్పు పడతాడు?"

"పోసినందుకు కాదే" అంది అత్త. "నువ్వు కొడుకు కోసం పోయినావు సూడు, అప్పుడు కండ్లు తెరిసింది. నన్ను గుర్తుపట్టింది. ఇంకా పొయ్యమని నోరు తెరిసింది. అప్పుడొచ్చింది నాకు ఇచ్చిన మాట గ్యాపకం. చెంబు నిండా నీళ్లు పెట్టుకోని, పొయ్యలేదు."