వెనక సీట్లో అత్త

నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. బస్సు మీది ఊరి పేరు చదవగలను, సంతకం పెట్టగలను. బెంగళూరుకు వచ్చి నలభై ఏళ్లయినా ఆటో ఎక్కింది తక్కువే. కాళ్లుండగా ఆటో ఎందుకు? అలాంటి నన్ను పోయిన ఏడాది పదిహేను రోజులు వరసగా ఆటోలో తిప్పింది నా కోడలు. నడిపింది కూడా తనే. ఆ పదిహేను రోజులూ నేను అన్నం సరిగ్గా తినలేదు.

కోడలు పనిచేసే బట్టలు కుట్టే గార్మెంట్స్ మూతపడింది. నా కొడుకు చందాపుర దగ్గర ఫ్యాక్టరీలో ఉన్నాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. వాడి ఒక్కడి జీతంతో ఇద్దరు పిల్లలు, బడి, ఇల్లు గడవవు. హూడిలో మా పక్క వీధిలోనే ఆడవాళ్ల సంఘం ఒకటుంది. వాళ్ల దగ్గర బ్యాటరీ ఆటోలున్నాయి. ఒక్కో బండిని ఇద్దరు ఆడవాళ్లు పంచుకుంటారు, ఒకరు పొద్దున పూట, ఒకరు మధ్యాహ్నం నుంచి. గిరాకీలు ఫోన్‌లోనే పిలుస్తారు. సైకిల్ కూడా తొక్కి ఎరగనివాళ్లకు వాళ్లే బండి నేర్పి, లైసెన్సు తీయిస్తారు. ఆఖరున ఒక పరీక్ష. అందులో నెగ్గితే బండిలో ఒక పూట నీది. తప్పితే ఇంకొకరికి పోతుంది.

పరీక్షకు ముందు ఇంటివాళ్లను ఎవరినైనా వెనక కూర్చోబెట్టుకుని తిరగాలని నేర్పే అమ్మాయి చెప్పింది. కన్నడమ్మాయి, మా ఇళ్ల చుట్టూ తిరిగి తిరిగి తెలుగు పట్టుకుంది, నన్ను మాత్రం అవ్వా అనకుండా కన్నడంలో అజ్జీ అంటుంది.

"అజ్జీ, మీరు గిరాకీ అనుకోండి. ఈమె మీ కోడలు కాదు, డ్రైవరు. మీరు మేడమ్."

"మేడమ్, ఓటీపీ చెప్పండి," అంది కోడలు నవ్వు దిగమింగుకుంటూ.

"చెప్పను. ఆ నంబరు ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులో అన్నారు."

"చెప్పకుంటే బండి కదలదు అత్తా."

"కదలకుంటే ఇంకా మేలు."

నవ్వులాటకు అనలేదు ఆ మాట. ఆ బండికి సద్దు లేదు. పాత ఆటో అయితే దాని మోతకు దారిన పోయేవాడు తప్పుకుంటాడు. ఇది పిల్లిలాగా పోతుంది. మలుపు తిరిగినప్పుడల్లా ఒక పక్క చక్రం లేచినట్టే ఉంటుంది. డ్రైవరు వెనకున్న ఇనప కడ్డీని రెండు చేతులా పట్టుకునేదాన్ని. దిగాక వేళ్లు వెంటనే విడేవి కావు. ఈ పిల్లకు ఏమన్నా అయితే పిల్లలను నేనెన్నాళ్లు చూస్తాను? నా ఒంట్లో ఎంత ఓపిక మిగిలిందో నాకు తెలుసు. అయినా వద్దని అనలేదు. వద్దంటే తినేదేమి?

ఒకటి ఒప్పుకోవాలి. పదకొండేళ్లుగా ఆ పిల్ల నా మాట దాటలేదు. నేను దాటనివ్వలేదు. పోపుకు నూనె పోస్తుంటే "చాలు" అన్న తరవాత చుక్క పడకూడదు. కొళాయి దగ్గర "నిలుపు" అంటే బిందె సగంలో ఉన్నా నిలపాల్సిందే. సంసారాన్ని అట్లా ఈడ్చుకొచ్చాను, అందులో తప్పుందని ఏనాడూ తోచలేదు.

పరీక్ష రోజు నేర్పే అమ్మాయి నా పక్కన కూర్చుంది. కె.ఆర్.పురం స్టేషను దాకా పోయి రావాలి. పోవడం బాగానే పోయాం. స్టేషను దగ్గర బస్సులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నా పక్కనుంచి నీళ్ల ట్యాంకరు ఒకటి మా మీదికి ఒరిగినట్టు వచ్చింది. దాని చక్రం నా భుజాల ఎత్తుంది. "నిలుపు," అని అరిచాను.

కోడలు నిలిపేసింది. నడిరోడ్డు మీద, ఉన్నచోటనే.

వెనక బస్సు బ్రేకు కీచుమంది. తిరిగి చూస్తే బస్సు ముందు అద్దం తప్ప ఇంకేమీ కనబడలేదు. దాని డ్రైవరు కన్నడంలో ఏం తిట్టాడో నాకు పూర్తిగా అర్థమైంది, ఇక్కడ చెప్పను. ట్యాంకరు తన దారిన తాను పోయింది. అది మా మీదికి రానే లేదు.

సంఘం ఆఫీసుకు తిరిగొచ్చాం. నేర్పే అమ్మాయి కోడలిని అడిగింది, "ఎందుకు నిలిపినావు?"

"అత్త నిలపమన్నాది."

"రేపు ఎవడో తాగుబోతు వెనక కూర్చుని నిలపమంటే, అట్లే నిలిపేస్తావా?"

"వాడు మా అత్త కాదు గదా అక్కా."

ఆ అమ్మాయి నవ్వలేదు. "నీ చేతికి బండి ఇచ్చేదానికి నాకు భయంగా ఉండాది. రేపు ఇంకొక్కసారి చూస్తా. అదే రోడ్డు. వెనక అజ్జీనే కూర్చోవాల. అజ్జీ, మీరు నిలుపు అని అరవాల. ఈమె నిలపకూడదు. అద్దం చూసి, చోటు చూసి, పక్కకు తీసినాకనే నిలపాల."

"నేను నోరు మూసుకుని కూర్చుంటానమ్మా," అన్నాను.

"మూసుకుంటే పరీక్ష ఎట్లవుతుంది?"

ఇంటికి వచ్చాక కోడలితో గట్టిగానే చెప్పాను, "రేపు నా మాట వినొద్దు."

"సరే అత్తా," అంది తల వంచుకుని. నాకు నమ్మకం కుదరలేదు. అది పదకొండేళ్లుగా నేను వింటున్న 'సరే'నే.

మర్నాడు ఒక ఎత్తు వేసుకుని ఎక్కాను. రోడ్డు ఖాళీగా ఉన్నచోట ఉత్తుత్తిగా అరిచేస్తే పని అయిపోతుంది, పిల్ల నెగ్గుతుంది. ఖాళీ చోటు దొరకనే లేదు. మళ్లీ ఆ స్టేషను దగ్గరే, కుడి పక్కనుంచి లారీ ఒకటి అడ్డంగా మూతి పెట్టింది. అప్పుడు పరీక్ష గుర్తు లేదు, ఏమీ గుర్తు లేదు. కోడలి భుజం పట్టి గుంజాను. "నిలపవే, పిల్లలున్నారు నీకు."

నా చేతి కింద ఆ భుజం ఒక్కసారి బిగుసుకుంది. ఆగిపోతుందనుకున్నాను. వెనక బస్సు హారన్ చెవిలోనే మోగుతోంది.

"మేడమ్, చెయ్యి తీయండి."

గొంతు పెద్దది చేయలేదు. వెనక్కి తిరగలేదు. ఆ గొంతు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. చెయ్యి తీసేశాను. బండి లారీ ముందు మెల్లగా అయింది, ఎడమకు జరిగింది, ఇంకా కొంచెం పోయి, మూసిన అంగడి ముందు ఆగింది.

"ఇప్పుడు చెప్పండి మేడమ్."

నేర్పే అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుని, "సోమవారం నుంచి పొద్దున పూట నీది," అంది కోడలితో. కోడలు తలూపి, అద్దం సరిచేసుకుంది.

నేను కిందికి దిగాను. హూడి దాకా నడిచి వస్తానన్నాను. ఎండలో అంత దూరం నడవలేనని నాకూ తెలుసు.

"ఎక్కండి అత్తా," అంది.

అది అడగడం కాదు, చెప్పడం. ఆ బస్సులన్నీ అక్కడే ఉన్నాయి. ఎక్కి కూర్చున్నాను.