రాజరత్నం గారి విమానం మీద ఎడారి మట్టి

మండపేట రైసుమిల్లులో మెకానిక్‌గా చేసే రాజరత్నం గారు మూరెడైనా లేని యుద్ధవిమానం ఒకటి తయారుచేసి, దాని రెక్కల మీద చల్లడానికి ఏకంగా రాజస్థాన్ ఎడారి నుంచి మట్టి తెప్పించారు. తెప్పించడమంటే పార్సిలులో కాదు. పాత ఉద్యోగి అడిగాడు కదా అని ఎయిర్‌ఫోర్సు వాళ్ళే ఆ మట్టి ఒక సీసాలో పోయించి, జెట్టు విమానంలో పంపించి, మిల్లు పొగగొట్టం చుట్టూ ఒక చక్కరు కొట్టించి మరీ ఆయన డాబా మీద దింపారు. మండపేట నుంచి ద్వారపూడి దాకా ఎవర్నడిగినా ఇదే చెబుతారు. నమ్మకపోతే సీసా కూడా చూపిస్తారు, అది ఎవరింటి సీసా అయితేనేం.

ఆయన్ని చూస్తే మాత్రం అంత వైభవం కనబడదు. పొద్దున్న మిల్లులోకి వెళ్ళిన మనిషి సాయంత్రం బయటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా తవుడే. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడితే, వంగి చెప్పులు విప్పాలా వద్దా అని కాసేపు ఆలోచిస్తారు. షుగరు, మోకాళ్ళ నొప్పులు, కొంచెం మసకబారిన కళ్ళు. ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్ళు విమానాలకు రెక్కలూ తోకలూ బిగించి వచ్చినవారు ఈ వయసులో మళ్ళీ బెల్టులూ బేరింగులూ ఎందుకు పట్టుకున్నారని అడిగితే, "ఖాళీగా కూర్చుంటే నీరసం వస్తోందండి" అనేవారు. కూర్చోకపోయినా వస్తూనే ఉంది.

రెండువేల రెండు వేసవిలో పిఠాపురం నుంచి ఆయనకొక అట్టపెట్టె వచ్చింది. పంపింది చంద్రరావు గారు. ఎయిర్‌ఫోర్సులో, రాజస్థాన్ ఎడారి అంచున పనిచేసిన రోజుల్లో, రాజరత్నం గారికి పై అధికారి. రాజరత్నం గారు బిగించిన ప్రతి మరనూ చంద్రరావు గారు తడిమి చూసి సంతకం పెడితేనే విమానం నేల వదలాలి. సంతకానికి ముందు కలం గాల్లో ఆపి ఒక్కటే ప్రశ్న వేసేవారు.

"ఏం మిగిలింది రత్నం?"

అప్పుడు దాచకుండా చెప్పాలి. గీత పడినా, మర అరిగినా, ఒక మూల తుడవడం మరిచిపోయినా చెప్పాలి. చెప్పినవాణ్ణి ఆయన ఒక్క మాట అనేవారు కాదు. దాచినవాడి మొహం మళ్ళీ చూసేవారు కాదు. "బాగుంది" అనే మాట మాత్రం ఆ నోట వినబడేది కాదు. ఎవడో కుర్రాడు ఒకసారి విన్నాడనీ, ఆ ఆనందం తట్టుకోలేక ఉద్యోగం మానేసి కాశీకి పోయాడనీ చెప్పుకునేవారు. రాజరత్నం గారికి ఆ కాశీ ప్రయాణం రాసిపెట్టి లేదు.

పెట్టెలో మిగ్ విమానం ప్లాస్టిక్ ముక్కలుగా ఉంది. చంద్రరావు గారి కూతురు హరిచందన ఢిల్లీలో కొని తెచ్చింది, నాన్నగారికి కాలక్షేపంగా ఉంటుందని. ఆయన మూత తీసేలోపే పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. "రత్నానికి పంపు, వాడు చేస్తాడు" అన్నారట.

ఆదివారాలూ, కరెంటు పోయి మిల్లు ఆగిన మధ్యాహ్నాలూ రాజరత్నం గారు పీట ముందేసుకుని కూర్చునేవారు. గోళ్ళు తీసే కత్తెరతో ముక్కల్ని తుంచడం, ఉప్పుకాగితంతో అంచులు నున్నగా చేయడం, జిగురు రాసి ఊపిరి బిగబట్టి అతికించడం. పైలట్ కూర్చునే సీటు వేరుసెనగ పలుకంత. అది చేతిలోంచి జారి పడితే వెతకడానికి ఒక ఆదివారం పోయింది. ఆ వేళ్ళు ఒకప్పుడు బారెడు పానాలు తిప్పిన వేళ్ళు. భార్య పాపాయమ్మ గారు గుమ్మంలో నిలబడి చూసేవారు.

"ఏవండీ, ఇది ఎగురుతుందా?"

"ఎగరదు."

"పోనీ కీ ఇస్తే నడుస్తుందా?"

"నడవదు."

"మరి ఎందుకండీ ఈ తిప్పలు?"

"చంద్రరావు గారు చూస్తారు."

"చూసి ఏం చేస్తారు?"

"వంకలు పెడతారు."

ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆయన మొహంలో కాస్త కళ ఉండేది.

పెట్టెలో వచ్చిన స్టిక్కర్లు ఏవో పరదేశపు నక్షత్రాలు. వాటిని పక్కన పడేసి, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు చీపురుపుల్లకు దూది చుట్టి తనే దిద్దారు. వీపు మీద ఆకుపచ్చా గోధుమ రంగూ మచ్చలు, పొట్ట కింద లేత నీలం. కిటికీలకు వేసే రంగునే టర్పెంటైన్‌తో పల్చన చేసి రెండోపూత వేశారో లేదో, ముసురు పట్టింది. అది ఎలాంటి ముసురంటే, అగ్గిపెట్టెలో పుల్లలు మొలకెత్తాయి. రంగు వేలికి అంటుతూనే ఉంది.

శుక్రవారం మిల్లు ఆఫీసుకు హరిచందన ఫోను చేసింది.

"అంకుల్, సోమవారం నాన్నగార్ని హైదరాబాద్ తీసుకెళ్ళిపోతున్నానండి. ఇల్లు అద్దెకిచ్చేశాం. ఆయన మనుషుల్ని సరిగ్గా పోల్చుకోవట్లేదు. నిన్న మా మేనత్తని పట్టుకుని నర్సమ్మా అన్నారు. విమానం గురించి మాత్రం రోజూ అడుగుతున్నారు."

రాజరత్నం గారు ఫోను పెట్టేసి మళ్ళీ బెల్టు దగ్గరికి వెళ్ళారు. చంద్రరావు గారు తనను పోల్చుకుంటే ఆ విమానాన్ని బట్టే పోల్చుకోవాలి. ఆదివారం దాటితే ఇక ఆ అవకాశమూ లేదు. ఇక్కడేమో రంగు ఆరలేదు.

ఆ సాయంత్రం ఆయనకొక ఉపాయం తోచింది. వెనకటికి కాలవలో పడి తడిసిన టార్చిలైటును బియ్యంలో పెడితే పొడిగా ఆరింది. ఇరవై ఏళ్ళు విమానాల మధ్య తిరిగిన మనిషి, టార్చిలో నీళ్ళు వేరు, రంగులో నూనె వేరు అన్నది మరిచిపోయి, విమానాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో, బియ్యం పైన చక్రాల మీద నిలబెట్టి మూతపెట్టారు. షుగరు వచ్చినప్పట్నుంచీ ఆ ఇంట్లో తినేది మిల్లులో ఒక్కసారే పట్టించిన ఒంటిపట్టు బియ్యం. తవుడు సగం గింజనే అంటిపెట్టుకుని ఉంటుంది.

ఆదివారం పొద్దున్న మూత తీస్తే విమానం ముక్కు నుంచి తోక దాకా తవుడు పూత.

"నాకేం తెలుసండీ" అన్నారు పాపాయమ్మ గారు. "పిల్లిని జరిపినట్టు ఇలా పక్కకి జరిపి బియ్యం తీసుకున్నాను. పూటపూటా."

పూటపూటా డబ్బాలో దుమ్ము లేచి తడి రంగు మీద పడింది. గుడ్డతో తుడిస్తే తవుడుతోపాటు రంగూ వస్తోంది. కుడి చక్రం తలుపు కూడా విరిగి ఉంది. దాన్ని జిగురుతో అతికించి, ఆయన గోడకు జారగిలబడ్డారు. వెళ్ళకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. ఆ ఏమీ అవకపోవడమే ఆయన్ని లేపి నిలబెట్టింది.

అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కాకినాడ బస్సెక్కారు.

"ఏంటండి అందులో, కోడిపిల్లలా?" అన్నాడు కండక్టరు.

"విమానం."

"దానికీ టికెట్ తీశారా మరి?"

నవ్వడానికి కూడా ఓపిక లేక రాజరత్నం గారు కిటికీలోంచి మునిగిన నారుమళ్ళు చూస్తూ కూర్చున్నారు. కాకినాడలో బస్సు మారి పిఠాపురం చేరేసరికి మధ్యాహ్నమైంది.

చంద్రరావు గారు కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నారు. చూడటానికొచ్చిన పక్కింటి వెంకటరాజు గారు ఎదురుగా కూర్చున్నారు.

"నాన్నా, రాజరత్నం అంకుల్ వచ్చారు" అంది హరిచందన.

"కూర్చోమనమ్మా. కాఫీ ఇవ్వు" అన్నారాయన, మీటరు చూడ్డానికొచ్చిన మనిషితో అన్నట్టు.

రాజరత్నం గారు విమానం తీసి బల్ల మీద పెట్టారు. చంద్రరావు గారి ఎడమచెయ్యి మెల్లగా కదిలి వలయాన్ని తాకింది. అక్కణ్ణుంచి రెక్క మీదికి వెళ్ళి ఒకచోట ఆగింది. వేలితో రాసి, ఆ వేలు బొటనవేలికి రుద్ది చూసుకున్నారు.

"మట్టి" అన్నారు. "ఎడారి మట్టి. ఇసకగాలి కొట్టిన మర్నాడు ఇలాగే ఉండేది." తల ఎత్తి సూటిగా చూశారు. "ఎక్కడ సంపాదించావురా రత్నం?"

"రాజస్థాన్ నుంచి తెప్పించి ఉంటారండి" అన్నారు వెంకటరాజు గారు, కాఫీ గ్లాసు కింద పెట్టి. సాయంత్రానికల్లా ఆ మాట ఆయనతోపాటు బజారెక్కింది. మండపేట చేరేసరికి దానికి సీసా, జెట్టు విమానం కూడా వచ్చి చేరాయి.

"బాగుంది" అన్నారు చంద్రరావు గారు.

ఇన్నేళ్ళకు వచ్చిన మాట. రాజరత్నం గారు నోరు తెరవబోవడం చూసి, కుర్చీ వెనక నుంచి హరిచందన రెండు చేతులూ జోడించి, ఏమీ చెప్పొద్దన్నట్టు తల ఊపుతోంది. ఆయనకు ఒళ్ళంతా అలసటగా ఉంది. ఊరుకుంటే చాలు. ఊరుకోవడమంత తేలిక పని ఈ రెండు నెలల్లో ఆయనకు ఒక్కటీ దొరకలేదు.

చంద్రరావు గారి ఎడమచెయ్యి రెక్క వదిలి గాల్లోకి లేచి, వేళ్ళ మధ్య కలం ఉన్నట్టు ఆగింది.

"ఏం మిగిలింది రత్నం?"

రాజరత్నం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"మట్టి కాదండి, తవుడు. రంగు ఆరక బియ్యం డబ్బాలో పెట్టాను, అంటుకుంది. కుడి చక్రం తలుపు విరిగితే జిగురుతో అతికించాను, అది తెరుచుకోదు. ఇంకేం లేదండి."