ఎంగేజ్‌మెంట్‌ల యుద్ధం మ్యూజిక్

మొన్న నా మేనకోడలు ఎంగేజ్‌మెంట్ నా వల్లనే చెడిపోతుండె! ఛాయ్ తాగుకుంట వినుండ్రి, కని నవ్వద్దు. నవ్వితే ఏమైతదో కూడ చెప్త.

చిట్యాలల నాది సౌండ్ బాక్సుల దుకాణమని మీకు ఎరికే. గిరాకి లేనప్పుడు ఫోన్ల గేమ్ ఆడుత. "నలభై ఏండ్లొచ్చినయ్, సిగ్గు లేదా" అని మా ఆమె రోజూ తిడుతది. కని ఆ గేమ్‌ల మ్యూజిక్‌కు దండం పెట్టాలె అన్నా! అడివిల మెల్లగ నడుస్తుంటే పిల్లనగ్రోవి. శత్రువు దగ్గరికొస్తే నగారా. కొట్లాట ముదిరితే అన్ని వాద్యాలు ఒక్కసారే. గెలిచినవా, బూరలు! ఎవ్వడు బటన్ నొక్కడు, అదే చూసుకుంటది.

మరి మన ఫంక్షన్లల? పొద్దుగాల సంది పొద్దూకెదాక ఒకటే మోత. అక్కడనే నా బుర్రల పురుగు తొలిచింది.

వారం రోజులు కూసొని కంప్యూటర్ల ఏర్పాటు చేసిన. హాల్ల ఒక మైకు వేలాడదీస్తే అది జనం సప్పుడు వింటది. సప్పుడు తక్కువుంటే పిల్లనగ్రోవి, పెరిగితే నగారా, బాగ పెరిగితే యుద్ధం. యుద్ధం అయినంక సప్పుడు తగ్గంగనే బూరలు. ట్యూన్లన్ని నేనే కీబోర్డ్ మీద వాయించి పెట్టిన. జనం హుషారైతే మ్యూజిక్ గూడ హుషారైతది గదా అని నా లెక్క. నేనేమో మేనమామను, స్టేజీ మీద బట్టలు పెట్టాలె. అందుకే దాని పని అదే చేసుకోవాలె.

మా స్వప్న, హుజూర్‌నగర్ పిలగాడు ఒకల్నొకలు ఇష్టపడ్డరు. అందరు సరే అన్నరు, పిలగాని మేనత్త అండాలమ్మ ఒక్కతే ఇంక మనసుల మాట చెప్పలే. తల్లి లేని పిలగాన్ని పెంచింది ఆమెనే. ఆమె అలిగి పోతే సంబంధం గూడ పోయినట్టే. పొద్దుగాలనే మా అక్క నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, ఆమె ముందట జర సప్పుడు చేయకు" అన్నది. సౌండ్ బాక్సులు నడిపెటోనికి చెప్పే మాటనా అది!

మొదలు మస్తు నడిచింది. అండాలమ్మ హాల్లకు అడుగుపెట్టంగనే పిల్లనగ్రోవి. "మంచిగున్నది, ఎవరు పెట్టిన్రు?" అని అడిగింది. నేను ఉబ్బిపోయిన.

అన్నాలు మొదలైనయ్. రెండు వందల మంది ఒక్కసారే ముచ్చట్లు. నగారా మొదలైంది. నగారాల మాట ఇనరాక జనం ఇంక గట్టిగ మాట్లాడిన్రు. అది ఇంక పెంచింది. వీళ్లు ఒర్రుడు షురూ చేసిన్రు. యుద్ధం! మా బావ పిలగాని బాపు మీదికి వంగి "మటన్ వెయ్యమంటరా!" అని అరిస్తే, ఆయన చెయ్యి అడ్డం పెట్టి "వద్దంటున్న గదా!" అని అరిచిండు. వెనుక నుంచి ధన్ ధన్ మని నా మ్యూజిక్. దూరం నుంచి చూసెటోళ్లకు కొట్లాట లెక్కనే ఉన్నది. ఇద్దరు పెద్దమనుషులు ఉరికొచ్చి "ఏయ్, ఆగుండ్రి!" అని విడిపిస్తున్నరు. ఇడిపిచ్చెదానికి అక్కడ ఏమున్నది? మటన్ గంటె!

కంప్యూటరేమో భోజనాల అవతల మూలకున్నది. నేను స్టేజీ మీద. చేతిల మైకున్నది. జనం ఊకుంటే అదే ఊకుంటదని తట్టింది. వెనుక ముందు చూడకుండ ఒక్క కేక పెట్టిన.

"అందరు నోర్లు మూయుండ్రి!"

కండ్లు దించి చూస్తే సరిగ్గ ముందట కుర్చీల అండాలమ్మ.

ఆమె లేచింది. హాలంతా గప్‌చుప్. మా అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. గా నిశ్శబ్దంల...

పెం పెరపెం పెం! బూరలు! గెలిచినందుకు!

ఇగ దాయనీకి ఏముంది, శత్రువొస్తే నగారా, గెలిస్తే బూరలు అని గేమ్ సంగతి మొత్తం చెప్పేసిన. అండాలమ్మ అంతా ఇన్నది. "అంటే బిడ్డా, నా నోరు మూపిచ్చి బూరలు ఊదినవ్?" అన్నది. హాల్ల సప్పుడు లేదు గదా, పిల్లనగ్రోవి మెల్లగ అందుకున్నది. అది ఇని ఆమె మూతి వంకరైంది, ఆపుకోలేక పక్కున నవ్వింది. ఆమెను చూసి హాలంతా నవ్వింది.

నగారా!

"ఓరి, నవ్వనిస్తలేదు గదరా నీ మిషను!" అని ఆమె కండ్లు తుడుసుకుంటుంటే మా బావ పోయి వైరు పీకిండు. అప్పుడు అండాలమ్మ స్వప్నను దగ్గరికి తీసుకొని బొట్టు పెట్టింది. నాకు పోయిన పానం తిరిగొచ్చింది. "లగ్గానికి మేనమామ రావాలె. డబ్బాలు రావద్దు" అని అందరి ముందట తీర్పు చెప్పింది.

నిన్న అక్క ఇంటికి పోయిన. ఇంక గడప తొక్కనే లేదు, లోపట నుంచి స్వప్న పళ్లెం మీద గంటెతోని ధన్ ధన్ అని కొడుతున్నది.

"ఏందే అది?" అన్న.

"నగారా ఎవరొస్తే కొడ్తరో స్టేజీ మీద నువ్వే చెప్పినవ్ గద మామా!"