గాలి కోసం ఆగిన బంతి

మొన్న సాయంత్రం టీవీలో ఐర్లాండు జట్టు ఆల్‌రౌండర్ ఒకాయన ఆట నుంచి తప్పుకుంటున్నాడని చెబుతూ, ఆయన కొట్టిన పరుగులూ తీసిన వికెట్లూ పక్కపక్కనే వేసి చూపించారు. అవి చూస్తుంటే మా అన్న గుర్తొచ్చి, అరవైల తొలి ఏళ్ల డైరీ ఒకటి తీశాను. జిల్లా జట్టు ఎంపిక జరిగిన రోజు పేజీలో ఎండ ఎక్కువనీ, ఇరుజట్ల స్కోరు ఇదనీ మాత్రమే రాసుకున్నాను. మిగిలింది చెబుతాను.

అన్న అంటే మా పెదనాన్న కొడుకు. వాళ్లది తోటపల్లి గూడూరులో వరి సేద్యం. నేనప్పుడు నెల్లూరులో గుమాస్తాగా కొత్తగా చేరి, సెలవు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి ఆడే మా జట్టుకు స్కోరు రాసేవాణ్ణి. బ్యాటింగులో అన్నకు పేరుంది గానీ, ఆయన ప్రాణమంతా బౌలింగు మీదే. మా ఊరి బయల్లో పన్నెండు దాటేసరికి సముద్రపు గాలి తిరిగేది. ఆ గాలిలో ఆయన వేసిన బంతి తిన్నగా వస్తున్నట్టే వచ్చి, ఆఖరున వికెట్ల వైపు వంగేది. ఆ ఏడు జిల్లా జట్టు ఎంపిక నెల్లూరులో ఆడే ఒక్క రోజు ఆటను బట్టి జరుగుతుందన్నారు. ఈసారీ తీసుకోకపోతే ఆట మానేసి సేద్యం చూసుకోవాలని పెదనాన్న కచ్చితంగా చెప్పేశాడు.

మా కెప్టెన్ బుచ్చిరెడ్డిపాలెం వాడు, అన్న కంటే చిన్నవాడు. పొద్దున కొత్త బంతి తెచ్చి అన్న చేతిలో పెట్టబోతే, అన్న తీసుకోలేదు.

"ఇప్పుడొద్దులే అబ్బయ్యా. పన్నెండు దాటితే గాలి తిరుగుతాది, అప్పుడియ్యి. వరసబెట్టి లేపేస్తా."

అది సముద్రం పక్కన పెరిగినవాడే చేయగల పొరపాటు. అంత లోపలున్న నెల్లూరుకు ఆ గాలి ఆలస్యంగా చేరుతుందని మాలో ఎవరికీ తట్టలేదు. పన్నెండు దాటింది. పడమటి వేడిగాలి మొహాన కొడుతూనే ఉంది. పిచ్ మీద పరిచిన కొబ్బరిపీచు చాపకు రాసుకుని బంతి మెరుపంతా పోయింది. షామియానా కింద ఎంపిక చేసే పెద్దలిద్దరూ గడియారాలు చూసుకుంటున్నారు. అన్న మాటిమాటికీ చొక్కా గుండీ విప్పి తూర్పుకు తిరిగి నిలబడేవాడు.

"ఏందన్నా, నీ గాలి ఇంకా బస్సెక్కలేదా?" అన్నాడు కెప్టెన్.

ఇక ఆగలేక బంతి అన్నకిచ్చాడు. వేసిన ప్రతి బంతీ వంపన్నది లేకుండా వెళ్లింది, వాళ్లు బౌండరీ దాటించారు. పెద్దల్లో ఒకాయన కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం నా బల్ల దగ్గర్నుంచి చూశాను.

మేం బ్యాటింగుకు దిగాక, టీ వేళకు కాస్త ముందు, షామియానా గుడ్డ అటు నుంచి ఇటు కొట్టుకుంది. గాలి తిరిగింది. కానీ అప్పుడు కొత్త బంతి అవతలివాళ్ల చేతిలో ఉంది. మావాళ్లు ఒకరి వెనక ఒకరు అవుటై వచ్చేస్తుంటే అన్న బ్యాటింగుకు వెళ్లాడు. ఆ గాలిలో బంతి ఎక్కడ వంగుతుందో ఆయనకు తెలిసినంతగా వేసేవాడికీ తెలియదు. అయినా ఒక్కటి తప్పితే ఆయన ఆటే ముగిసిపోతుంది. బయటికి పోయేదాన్ని వదిలేస్తూ, లోపలికి వచ్చేదాన్ని కాలి పక్కనే ఆపుతూ, చిక్కినదాన్ని కొడుతూ, మా ఆఖరివాడు అవుటయ్యేదాకా ఆయన నిలబడ్డాడు. మేం ఓడిపోయాం. పెద్దలు అన్నను పిలిచి బ్యాటింగుకు తీసుకున్నామన్నారు. బౌలింగూ బాగా వేస్తాడని కెప్టెన్ చెప్పబోతే, చూశాం లెమ్మన్నారు.

ఆ సాయంత్రం నేనూ అన్న వెంట ఊరికెళ్లాను. పెదనాన్న పశువులకు గడ్డి వేస్తూ సంగతి అడిగాడు. కొట్టడానికే తీసుకున్నారనీ, బంతి వేయడానికి కాదనీ అన్న చెప్పాడు. పెదనాన్న చేతిలో ఉన్న గడ్డి గాటిలో వేసేశాడు.

"అయితే సగం మనిషినే తీసుకున్నారు. మిగిలిన సగం రేపు పొలానికి రా."

అన్న నవ్వాడు. తర్వాత జిల్లాకు చాలా ఏళ్లు ఆడాడు. అక్కడ ఎవరూ ఆయనకు ఒక్కసారి కూడా బంతి ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. ఇప్పుడు ఆటగాణ్ణి ఏళ్ల తరబడి, ఊరూరా చూసి గాని తేల్చరు. ఒక రోజు చేజారినా ఇంకో రోజు ఉంటుంది. మా కాలంలో ఒక మధ్యాహ్నం చూసి మనిషి ఇంతేనని అనేసేవారు, మేమూ అంతేననుకుని బతికేశాం.