చుక్క కింద పుదీన

నాచారంలోని ఆ నాలుగంతస్తుల అపార్టుమెంటులో కృపానందం గారికి ఒకే ఒక వ్యసనం ఉండేది. ఎక్కడైనా నీటిచుక్క కారుతూ కనిపిస్తే, దాని కింద ఒక డబ్బా పెట్టి, అందులో పుదీన నాటేదాకా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

మెట్ల దగ్గరి నల్లా కారితే దాని కింద పెయింటు డబ్బా. ట్యాంకు పైపు చెమ్మగిల్లితే దాని కింద పగిలిన హెల్మెట్టు. మార్కెట్ కట్టలోని పుదీన కాడలు ఆయన వంటింటి గ్లాసులన్నిటిలోనూ వేర్లు పోసుకుంటూ, పిలుపు కోసం సిద్ధంగా నిలబడి ఉండేవి. ఉప్పల్‌లో ఎవరిదో పెళ్లికి వెళ్లి, ఐస్‌క్రీం పెట్టె కారుతుండటం చూసి, వంటవాళ్లను ఖాళీ నూనె డబ్బా అడిగారట. జలుబుతో ముక్కు కారుతున్నప్పుడు మనవడు బ్లెస్సన్ తాతను చూడగానే మంచం కిందికి దూరేవాడు. "డబ్బా తేకు తాతా! నేనే తుడుసుకుంటా!" అని అక్కడి నుంచే అరిచేవాడు.

ఆయన పై అంతస్తులోని ఉమాపతి గారికి ఇదంతా తలవంపులుగా ఉండేది. ఆయన రైల్వేలో ఆఫీసు సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసి, అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షులైనారు. మామూలుగా మాట్లాడినా ఉత్తర్వు చదివినట్టే ఉండేది. ఒకనాడు పాత సహోద్యోగి జనార్ధనరావు వచ్చి, "ఏమయ్యా, మీ భవనానికి హెల్మెట్టు పెట్టారేమిటి? జుట్టు కూడా మొలిచిందే!" అని నవ్వారు. ఉమాపతి గారు ఆ పూట కాఫీ తలెత్తి తాగలేకపోయారు. అతిథి వెళ్లగానే కృపానందం గారిని పిలిపించారు.

"ఆదివారంలోగా భవనం వెలుపలి డబ్బాలన్నిటినీ తొలగించవలసిందిగా కోరడమైనది."

"ఎవరు కోరిన్రు సార్?"

"నేనే."

"గట్ల జెప్పున్రి మరి. యాడికెల్లో ఆర్డరొచ్చిందని భయపడ్డ."

ఆదివారం చర్చి నుంచి రాగానే కృపానందం గారు డబ్బాలన్నీ ఇంట్లోకి చేర్చారు. ఆయన కిటికీ సజ్జ మీద, బేసిన్‌లో కూర్చున్న అడుగు చిల్లుపడ్డ కుక్కరు మాత్రం మిగిలింది.

"అదెందుకు మిగిలింది?" అన్నారు ఉమాపతి గారు.

"అదొక్కటి ఉండనియ్యున్రి సార్. జర నా మాటినున్రి."

"కారణం?"

కృపానందం గారు పైకి చూశారు, కిందికి చూశారు. "పుదీన మస్తు ఏపుగ వచ్చింది సార్."

"నిబంధన పుదీనకు కూడా వర్తిస్తుంది."

బేసిన్‌తో సహా కుక్కరు దిగింది.

మర్నాడు మధ్యాహ్నం, కింది అంతస్తు అనంతలక్ష్మి గారి కేకకు భవనమంతా ఉలిక్కిపడింది. "మండుటెండల నా వడియాల మీద ఈ వానేంది? ఎవరింటి నీళ్లివి?"

అందరూ వచ్చి తలలెత్తారు. నీరు కృపానందం గారి సజ్జ మీద పడి, అక్కడి నుంచి వడియాల చాప మీదికి టపటపా రాలుతోంది. ఆ పైన ఉన్న పైపు సాక్షాత్తూ అధ్యక్షుల వారి ఏసీది.

ఉమాపతి గారి ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఏసీ నీళ్లు ఇతరుల మీదికి వదిలినవారి పేరును గేటు పక్క నల్లబల్ల మీద వారంపాటు ఉంచాలని వేసవి మొదట్లో నియమం పెట్టింది తానే. మూడో అంతస్తు హృషికేశ్ ఎంత బతిమాలినా వినక, అతని పేరు గుండ్రటి అక్షరాలతో రాసిందీ తానే. అందరి పైపులనూ టార్చి వేసి తనిఖీ చేశారు, తనది తప్ప. అధ్యక్షుల పైపు కారగలదన్న ఊహే ఆయనకు రాలేదు.

"ఆ నీళ్లు నావేనమ్మా," అంటూ కృపానందం గారు ముందుకు వచ్చారు. "కుక్కర్ తీస్తుంటే ఒలికినయ్."

"నిన్న తీసిన కుక్కర్ ఇయ్యాల ఒలికిందా అన్నా?"

"అది జర మెల్లగ ఒలుకుతది."

ఉమాపతి గారు ఆయనను పక్కకు తీసుకువెళ్లారు. "మీకు ముందే తెలుసా?"

"మీరు రూల్ పెట్టిన్నాడే సూసిన సార్. గందుకే కుక్కర్ పెట్టిన."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"జెప్తే మీరు ఊకుంటరా? మీ పేరు మీరే బోర్డు మీద రాసుకుంటరు. పొద్దుగాల పాలకు పోయేటప్పుడు దాన్ని నేనెట్ల సూడాలె?"

"అయితే, తక్కిన డబ్బాలన్నీ కూడా..."

"కారేటి ప్రతి చుక్క కింద ఒక కొట్లాట ఉంటది సార్. ఆడ పుదీన పెడితే ఎవ్వలు పైకి సూడరు. ఆకు తెంపుకొని పోతరు."

ఉమాపతి గారు తల దించుకొని గేటు దగ్గరికి నడిచారు. హృషికేశ్ పేరు రాసినంత గుండ్రంగానే తన పేరూ రాశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే కొంత తేలికగా ఉండేదేమో! తిరిగి వచ్చి, "సదరు కుక్కరును యథాస్థానమున ఉంచవలసిందిగా..." అని మొదలుపెట్టి, మాట పూర్తి చేయలేకపోయారు. "పెట్టండి కృపానందం గారూ. నన్ను క్షమించండి."

"పెట్టేముందు నాలుగు రెమ్మలు నాకియ్యున్రి," అన్నారు అనంతలక్ష్మి గారు. "వడియాలెట్లగూ పోయినయ్, పచ్చడన్న నూరుకుంట."

ఉమాపతి గారి కంటి కొసన ఒక చుక్క నిలిచింది. కళ్లజోడు తీయబోతూ చూస్తే, కృపానందం గారు ఆ చుక్క మీదే చూపు నిలిపి, పక్కనున్న ఖాళీ డబ్బా కోసం చేత్తో తడుముతున్నారు.

"వద్దండీ!" అన్నారు అధ్యక్షుల వారు కంగారుగా. "నేనే తుడుచుకుంటాను!"